ఫర్‌మార్క్

ఫర్‌మార్క్: గ్రాఫిక్స్ కార్డును పూర్తి భారంతో నడిపించి, దాని వేడిని, కరెంటు వాడకాన్ని, నిలకడను పరీక్షించే ఉచిత సాఫ్ట్‌వేర్. రూపొందించినది జెరోమ్ గినో. గీక్స్3డీ పేరుతో వెలువడుతోంది. తెర మీద కనిపించేది చిల్లుగారెకు ఒళ్లంతా బొచ్చు మొలిచినట్టుండే ఒక బొమ్మ. ఆ బొచ్చును పొరమీద పొరగా గీయాలి కాబట్టి కార్డులోని లెక్కల యూనిట్లకు ఊపిరాడదు. ఫ్యాన్ హోరెత్తుతుంది, ఉష్ణోగ్రత గీత నిటారుగా లేస్తుంది, కాసేపటికి క్లాక్ వేగం అంకె మెల్లగా దిగుతుంది.

2008 నాటికే ఇది తయారీదారులకు కొరకరాని కొయ్య అయింది. ఆ ఏడాది ఏటీఐ డ్రైవర్ ఫర్‌మార్క్ ఫైలును పేరునుబట్టి గుర్తుపట్టి కార్డు వేగం తగ్గించేది. వాడేవారు ఫైలు పేరు మార్చేశారు, పాత వేగం తిరిగొచ్చింది! మామూలు గేములు ఇంత కరెంటు లాగవని, ఇది పరీక్ష కాదు ‘పవర్ వైరస్’ అని కంపెనీల వాదన. అందులో కొంత నిజముంది. అయితే అమ్మిన వస్తువు పూర్తి భారాన్ని మోయలేకపోతే తప్పు బొమ్మది కాదుగదా. చివరికి కంపెనీలే దారికొచ్చాయి. 2010 నవంబరులో వచ్చిన ఎన్విడియా జీటీఎక్స్ 580లో కరెంటును కొలిచే ఏర్పాటు కార్డు మీదే పెట్టారు. డిసెంబరులో ఏటీఐ యజమాని ఏఎండీ, రేడియాన్ 6900 వరుసకు కరెంటును అదుపుచేసే పవర్‌ట్యూన్ తెచ్చింది. నేటి కార్డులన్నిటిలో ఉన్న పవర్ లిమిట్‌కు ఆ తగాదా కూడా ఒక కారణం.

పాత ఫర్‌మార్క్ విండోస్‌కే పరిమితం, ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ ఇంటర్‌ఫేస్ మీదే నడిచేది. రెండో తరం 64 బిట్లది. దీనిలో మరో గ్రాఫిక్స్ ఇంటర్‌ఫేస్ వల్కన్ వచ్చింది, లినక్స్ వెర్షన్ వచ్చింది, గారెకు తోడు ముడి ఆకారపు బొమ్మ కూడా చేరింది. కమాండ్ లైన్ నుంచి నడపవచ్చు కాబట్టి వరసగా పది మెషీన్లు చూసే రిపేరు షాపువారికి ఇదే ఎక్కువ ఉపయోగం.

కాల్చి చూడటంతో పని పూర్తికాదన్న సంగతిని తోటి సాఫ్ట్‌వేర్లు ముందే పట్టుకున్నాయి. ఎంఎస్ఐ కొంబస్టర్‌లో తెరమీద తప్పుగా వచ్చే చుక్కలను వెతికే స్కానర్ ఉంది. ఓసీసీటీ వీడియో మెమొరీని విడిగా పరీక్షిస్తుంది. భారాన్ని ఒక్కసారిగా పెంచి, దించి కూడా చూస్తుంది. చాలా కార్డులు నిలకడ భారం తట్టుకుని, ఈ కుదుపుల దగ్గరే చతికిలబడతాయి. కాబట్టి ఉష్ణోగ్రత అదుపు తప్పకుండా ఫర్‌మార్క్ అరగంట నడిచిందంటే కూలింగ్ బాగుందని అర్థం. గేములో కార్డు హ్యాంగ్ కాదని హామీ మాత్రం కాదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల పాత కార్డు కొనేవారు మెమొరీ పరీక్ష కూడా అడిగి చేయించుకోవడం మంచిది.

కార్డుల కరెంటు వాడకమూ బాగా పెరిగింది. జీటీఎక్స్ 580 రేటింగ్ 244 వాట్లు. 2025 జనవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090ది 575. ఆ వాట్లన్నీ చివరికి గదిలోకే వేడిగా చేరతాయి. ఫ్యాన్ వేగం మారకుండా గదిలో పది డిగ్రీలు పెరిగితే కార్డు మీదా దాదాపు అంతే పెరుగుతుంది. తెనాలి పక్కన సంగం జాగర్లమూడిలో మే నెల మధ్యాహ్నం ఈ పరీక్ష పెడితే, వచ్చిన ఉష్ణోగ్రత పక్కన గది ఉష్ణోగ్రత కూడా రాసుకోండి.