ఆస్తుల నిర్వహణలో నష్ట నివారణ (ఉదయగిరి–ఆత్మకూరు)

అద్దె ఇళ్లు, దుకాణాలు, ఖాళీ స్థలాలను యజమానుల తరఫున చూసుకునే సంస్థ, ఆపద వచ్చినా పని ఆగకుండా ముందే చేసుకునే ఏర్పాట్లు.

ముప్పులు: నెల్లూరు జిల్లా పశ్చిమాన మెట్ట ప్రాంతమైన ఉదయగిరిలో ప్రధాన సమస్య నీటి ఎద్దడి. బోరు ఎండితే అద్దెకున్నవారు ఖాళీ చేస్తారు. యజమాని వలస వెళ్లిన చోట ఇంటికి తాళమే కాపలా, స్థలానికి హద్దురాళ్లే సాక్ష్యం. ఆత్మకూరు వైపు పెన్నా నది వరద భయం. ఆ నదిపై అనంతసాగరం మండలంలో ఉన్న సోమశిల జలాశయం సామర్థ్యం 78 టీఎంసీలు. 2021 నవంబరు 19న ఎగువన చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, ఆ నీరు పెన్నా మీదుగా సోమశిలకు చేరింది.

ఏర్పాట్లు: దస్తావేజులు, ఈసీల (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ల) నకళ్లను ఊళ్లో ఒకచోట, బయట మరోచోట ఉంచుతారు. వరద, అగ్నిప్రమాద బీమా తీసుకుంటారు. నీళ్ల ట్యాంకరు, ప్లంబరు, ఎలక్ట్రీషియన్లకు ప్రత్యామ్నాయం చూసిపెట్టుకుంటారు. ప్రతి తాళపుచెవికీ ఇంటి నంబరు, కరెంటు సర్వీసు నంబరు రాసిన చీటీ కడితే, గుమాస్తా సెలవులో ఉన్నా పని ఆగదు.

ఒప్పందాలు: 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది మించిన లీజును రిజిస్టరు చేయించాలి; ఆంధ్రప్రదేశ్ సవరణ ప్రకారం ఏ గడువు లీజునైనా రిజిస్టరు చేయించాలి. 11 నెలల ఒప్పందాల వాడుక ఆ ఏడాది నిబంధన వల్ల వచ్చిందే. వాటి గడువు తేదీల పట్టిక కూడా ప్రణాళికలో భాగమే.