శామీర్‌పేటను చదివిన విద్యార్థులు

మన సంఘముల సంచికలలో చరిత్ర యనగా సాధారణముగా కొన్ని విషయములే వ్రాయబడుచుండును. మన పూర్వులు ఏ రాజుల కాలమున ఈ ప్రాంతమునకు వచ్చిరి, ఏ దేవాలయము కట్టించిరి, వారిలో పేరు ప్రతిష్ఠలు గడించినవారెవరు అనునవి. ఇవి వ్రాయదగినవే. కాని మన తాతముత్తాతలు తాము విడిచివచ్చిన పల్లెలో ఏమి తినిరి, ఎవరికి ఎంత బాకీ పడిరి, ఏ బావినీరు త్రాగిరి, జబ్బు చేసినప్పుడు ఎవరిని పిలిచిరి అని మన పిల్లలెవరైనను అడిగినచో చెప్పగలవారు మనలో అరుదు. శాసనములందు అట్టి సంగతులు దొరకవు. దానశాసనమున దాత పేరుండును గాని ఆ పొలము దున్నినవాని పేరుండదు. ఇట్టి సంగతులను వెదకువారికి ఉపయోగపడు ఒక ప్రయత్నమును ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు 1951-52 సంవత్సరములలో చేసిరి. మహారాష్ట్ర, కర్ణాటకములందు స్థిరపడిన తెలంగాణపు కుటుంబములవారు దానిని ప్రత్యేకముగా తెలిసికొనదగియున్నది.

విద్యార్థులచేత పల్లెలను పరిశీలింపజేయుట అంతకుముందు లేకపోలేదు. మద్రాసు విశ్వవిద్యాలయమునకు 1915లో భారత ఆర్థికశాస్త్ర ప్రథమాచార్యుడుగా వచ్చిన గిల్బర్టు స్లేటరు తన శిష్యులకు ఒక ప్రశ్నావళి నిచ్చి, సెలవులలో స్వగ్రామములకు పోయి సమాధానములు వ్రాసి తెమ్మనెను. ఆ వ్రాతలు 1918లో గ్రంథముగా వెలువడెను. ఆ పల్లెలలో కొన్నిటిని పి. జె. థామస్, కె. సి. రామకృష్ణన్ గార్లు 1936-37లో మరల పరిశీలింపజేసి 1940లో ఫలితములు ప్రకటించిరి. పూనా వ్యవసాయ కళాశాలకు అధ్యక్షుడుగా నుండిన హారల్డ్ మాన్ ఆ నగరమునకు చేరువనున్న పింప్లే సౌదాగర్ అను పల్లెను శోధించి 1917లో ఒక గ్రంథము వెలువరించెను. ఆ పల్లె నేడు పింప్రి-చించ్‌వడ్ నగరమున మేడల నడుమ కలసిపోయినది. ఇవి గొప్ప కృషులే. అయినను స్లేటరు శిష్యులు అర్థశాస్త్రపు కన్నుతో చూచిరి. మాన్ పండితుడు నేలను, పంటను, అప్పును చూచెను. ఉస్మానియావారు చేసినది వేరు. వారు పలు విద్యలవారిని ఒక్క పల్లెకు పంపిరి.

ఆ దినములలో హైదరాబాదు రాజ్యము ఉన్న స్థితిని ఇచట జ్ఞాపకము చేసికొనవలెను. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నిజాము ప్రభుత్వము అంతరించెను. 1949లో జాగీరులు రద్దాయెను. తెలంగాణపు రైతుల సాయుధ పోరాటము 1951 అక్టోబరులో విరమింపబడెను. 1918లో ఉర్దూ బోధనాభాషగా ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము అప్పుడప్పుడే ఆంగ్లమునకు మారుచుండెను. రాజ్యమున తెలుగు జిల్లాలతోపాటు మరాఠ్వాడాలోని ఐదు జిల్లాలు, కన్నడ ప్రాంతపు బీదరు, గుల్బర్గా, రాయచూరు జిల్లాలు కలసియుండుటచేత ఆ విద్యాలయమున నాలుగు భాషలు వినవచ్చుచుండెడివి. అట్టి కాలమున కాగితము, కలము పట్టుకొని ఊరిలో అడుగుపెట్టు క్రొత్తవాడు పన్నులవాడో, పోలీసువాడో, పార్టీవాడో యని పల్లెవారు సందేహించిన అది వారి తప్పు కాదు.

విశ్వవిద్యాలయమువారు సాంఘిక సేవా విస్తరణ పథకమను పేర ఈ కార్యమును తలపెట్టి, హైదరాబాదునుండి కరీంనగరమునకు పోవు మార్గమునగల శామీర్‌పేటను ఎన్నుకొనిరి. పెద్ద చెరువు గల ఊరు. వైద్యము, పశువైద్యము, వ్యవసాయము, విద్యాబోధన, సాంఘికశాస్త్రము మొదలగు శాఖల అధ్యాపకులు, విద్యార్థులు అందు పాల్గొనిరి. సాంఘిక పరిశోధన భాగమును నడపినవాడు శ్యామాచరణ దుబే. హిందీ మాతృభాషగా గల ఈ యువకుడు అంతకుముందు ఛత్తీస్‌గఢ్ ప్రాంతపు కమారులను గూర్చి గ్రంథము వ్రాసియుండెను. శామీర్‌పేట పరిశోధన ఫలితమును ఆయన ‘ఇండియన్ విలేజ్’ అను పేర 1955లో ప్రకటించెను. స్వాతంత్ర్యానంతరము ఒక భారతీయ గ్రామమును సమగ్రముగా వర్ణించిన తొలి గ్రంథములలో అది యొకటిగా నేటికిని పేర్కొనబడుచున్నది. ఆ గ్రామము తెలుగు గ్రామమగుట మనకు సంతోషకరము.

ఇన్ని శాఖలవారు ఒక్కచోటికి పోవలసిన అగత్యమేమని కొందరు ప్రశ్నింపవచ్చును. వైద్యుడు వైద్యము చేయును, రైతు సంగతి వ్యవసాయాధికారి చూచుకొనును, ఎవరి పని వారిది యందురు. దీనికి సమాధానముగా నారికురుపు నుదాహరించెదను. తెలంగాణపు పల్లెలలో ఆ దినములందు ఈ వ్యాధి విస్తారముగా నుండెడిది. కాలిలోనుండి మూరెడు, రెండు మూరల దారమువలె పురుగు వెలికివచ్చును. దానిని పుల్లకు చుట్టి రోజునకు కొంచెము కొంచెముగా లాగుదురు. తెగినచో కాలు వాచి మనిషి నెలల తరబడి మంచము పట్టును. ఈ పురుగునకు మందు లేదు. రోగి దిగుడుబావిలోనికి దిగినపుడు పురుగు నీటిలో పిల్లలను విడుచును. వానిని నీటిలోని అతి సూక్ష్మమైన పురుగులు మ్రింగును. ఆ నీరు త్రాగినవానికి ఇంచుమించు ఒక యేడాదికి కురుపు లేచును. కావున వైద్యుడొక్కడే చేయగలిగినది స్వల్పము. దిగుడుబావిని చేదబావిగా మార్చుటకు ఇంజనీరు కావలెను. నీళ్లు గుడ్డతో వడగట్టవలెనని నేర్పుటకు బడిపంతులు కావలెను. కురుపు సరిగా నాట్లవేళ లేచి కూలి పోయినచో ఆ ఇంటికి ఎంత అప్పగునో లెక్కకట్టువాడు వేరొకడు. వీరందరికంటె ముందుగా, ఆ ఊరిలో ఏ కులమువారు ఏ బావికి పోవుదురు, ఎవరిని ఏ బావి దరి చేరనీయరు అను సంగతి తెలిసినవాడు ఉండవలెను. అది తెలియక ఊరి నడుమ ఒక్క మంచి బావి త్రవ్వించిన సగము ఊరికి అది లేనట్లే. మన దేశమున ఈ వ్యాధి తుదముట్టినది 1996లో. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2000లో ధ్రువపత్రమిచ్చినది. మందు లేకయే, ఇందరి పని కలసివచ్చుటచేతనే అది సాధ్యమైనది.

గ్రంథమున శామీర్‌పేట కులములు, వృత్తులు, భూములు, కుటుంబములు, పండుగలు, ఆహారము, తగవులు అన్నియు వర్ణింపబడినవి. బ్రాహ్మణులు, కోమట్లు, కాపులు, కుమ్మరులు, గొల్లలు, సాలెలు, గౌండ్లవారు, చాకలివారు, మంగలివారు, పంచబ్రహ్మల వృత్తులవారు, వడ్డెరలు, ఎరుకలవారు, మాలలు, మాదిగలు, ముస్లిములు, ఇందరును అందు కనబడుదురు. నాకు నచ్చిన భాగము మరియొకటి కలదు. ఊరిలో ఒకని గౌరవము దేనివలన ఏర్పడునని దుబే విచారించి, కులమతములు ఒక్కటియే కాదు, భూమి, ధనము, సర్కారు కొలువు లేక ఊరి పెత్తనము, వయస్సు, ఆ మనిషి స్వభావము, ఇవన్నియు కలసి నిర్ణయించునని చూపెను. నేను జీవితమంతయు ఫారములు నింపిన గుమాస్తాను. వృత్తి అను గడిలో ఒక్క మాట వ్రాయుటకే చోటుండును. పల్లెలో కుమ్మరి కుండలు చేయును, కొంత భూమి కౌలుకు చేయును, వేసవిలో కూలికి పోవును. ఆ గడిలో ఏమి వ్రాయవలెను? ఊరిలో నెలల తరబడి మసలినవానికి గాని ఈ చిక్కు తెలియదు.

సాలెల ప్రస్తావన వచ్చినది గనుక ఒక మాట. మిల్లుగుడ్డ వచ్చి పల్లెమగ్గమునకు పని తగ్గిన కాలమున తెలంగాణపు పద్మశాలీలు సోలాపురమునకు, భివండికి, బొంబాయికి, సూరతునకు వలసపోయిరి. సోలాపురమున మా కుటుంబము అట్లు వచ్చినదే. శ్రావణ పున్నమినాడు మార్కండేయుని రథము లాగుట, ఆశ్వయుజమున బతుకమ్మ నాడుట మావారు మానలేదు. అయినను పోచమ్మకు, మైసమ్మకు, ముత్యాలమ్మకు ఊరంతయు కలసి చేయు కొలుపులో ఎవరి పాలు ఏది, ఏ కులము లేనిదే ఏ తంతు సాగదు అను వివరములు మా తరమునకు తెలియవు. మా నాయనమ్మ అర్థము చెప్పకుండనే చేయుచు వచ్చిన కొన్ని పనుల కారణము నాకు దుబే గ్రంథమువలన తెలిసినది. మరాఠీ పలుకుబడి పట్టుబడిన మనవలకు ఆ సంగతులు చెప్పుటకు నాకు ఆధారమైనదదియే.

లోపములు చెప్పకపోవుట న్యాయము గాదు. గ్రంథము ఆంగ్లమున వెలువడినది; తమ బ్రతుకు విప్పి చెప్పిన పల్లెవారిలో అధికులు ఏ భాషయు చదువలేనివారు. పుస్తకముపై పేరు ఒక్కరిది. ఇంటింటికి తిరిగిన విద్యార్థుల శ్రమ అందు ఇమిడిపోయినది. (పట్టికలు తయారుచేయు గుమాస్తా పేరు నివేదికపై ఎన్నడును ఉండదు, ఇది నాకు క్రొత్త కాదు.) అంతకంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. పథకము ముగిసినపిదప వైద్యవిద్యార్థులు నగరమునకు పోవుదురు. పల్లెవాని జ్వరము పల్లెలోనే యుండును. సేవయు పరిశోధనయు కలపిన చోటులన్నిట ఈ పేచీ తప్పదు. అయినను మందిచ్చినవానికి చెప్పినంత నిజము ఉత్త ప్రశ్నలడుగువానికి ఎవరును చెప్పరు. పురుషులకు చెప్పని సంగతులు స్త్రీలు స్త్రీలకు చెప్పుదురు. దుబే గారి సతీమణి లీలా దుబే ఈ కార్యమున ఆయనకు తోడ్పడెను. తరువాతి కాలమున ఆమెయే స్త్రీల స్థితిని, బంధుత్వ వ్యవస్థను శోధించి గొప్ప విదుషీమణిగా ప్రసిద్ధి కెక్కెను.

శామీర్‌పేట పని ముగియుచుండగనే 1952 అక్టోబరు 2వ తేదీన దేశమంతట సమాజ వికాస పథకములు ఆరంభమాయెను. దుబే ఉత్తరప్రదేశమున ఆ పథకములను పరిశీలించి 1958లో మరియొక గ్రంథము ప్రకటించెను. 1956లో హైదరాబాదు రాజ్యము మూడు ముక్కలై, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల విద్యార్థులు తమ తమ విశ్వవిద్యాలయములకు మరలిరి. 1969లో జాతీయ సేవా పథకము వచ్చి విద్యార్థులను పల్లెలకు పంపుట వాడుకయైనది. నేను చూచినంతవరకు అందు చెట్లు నాటుట, వీధులూడ్చుట, ఛాయాచిత్రములు తీయించుకొనుట కలవు. అడుగుట, వినుట, వ్రాసికొనుట మాత్రము తక్కువ. దుబే గారు 1996లో గతించిరి. శామీర్‌పేట ఇప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనిది. హైదరాబాదు వెలుపలి వలయ రహదారి ఆ ఊరి ప్రక్కగా పోవుచున్నది. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము అచ్చటనే యున్నది. ఒకప్పుడు విద్యార్థులు వెదకికొని పోయిన ఊరిలోనే నేడు వారికి వసతిగృహములు కట్టబడినవి.

మన యిండ్లలో నేడు వైద్యము, న్యాయము, వాణిజ్యము, ఇంజనీరింగు చదువు పిల్లలు పలువురు కలరు. వారు శామీర్‌పేట వరకు పోనక్కరలేదు. సోలాపురమున బీడీలు చుట్టు స్త్రీలలో అధికసంఖ్యాకులు తెలుగువారు. వైద్యవిద్యార్థిని ఆ యమ్మల దగ్గును, నడుమునొప్పిని పరీక్షింపగలదు. న్యాయవిద్యార్థి వారి భవిష్యనిధి పుస్తకమును చూడగలడు. వాణిజ్యము చదివినవాడు వేయి బీడీలకు వచ్చు కూలినుండి తరుగు క్రింద ఎంత కోతపోవుచున్నదో లెక్కింపగలడు. ఇంజనీరు బీడీ చుట్టు గదికి గాలి ఎటునుండి వచ్చునో చూడవలెను. ఇంటివద్ద తెలుగు వినుటయే గాని చదువుట యెరుగని పిల్లలకు ఆ యవ్వల మాట తెలియజెప్పుటకు పెద్దలెవరైనను వెంట పోవుదురు గాక. మా వీధిలో అట్టి యవ్వలు ఇంకను నలుగురైదుగురు కలరు. మధ్యాహ్నము రెండు గంటలు దాటినపిదప, ఆనాటి బీడీలు అప్పగించి వచ్చి, అరుగుపై కూర్చుండియుందురు.