పెద్ద పుస్తకం, మామూలు పాఠకుడు

పుస్తకం దొరకడం ఒక ఎత్తు, కొనగలగడం ఒక ఎత్తు, చదివితే అర్థం కావడం మరో ఎత్తు. గత రెండు వందల ఏళ్లలో ప్రాచీన కావ్యమూ ఆధునిక శాస్త్రమూ మామూలు తెలుగు పాఠకుడి దాకా ఎలా వచ్చాయో చూస్తే, ఈ మూడు చిక్కులూ ఒక్కసారిగా తీరలేదని తెలుస్తుంది. ఒక్కో తరం ఒక్కో చిక్కు మీద పనిచేసింది. ప్రతి మలుపులోనూ పుస్తకానికీ పాఠకుడికీ నడుమ నిలబడి చదివించినవాళ్లు కొందరున్నారు. ఈ చరిత్ర ఎక్కువగా వాళ్లదే.

సి.పి. బ్రౌన్ కడపకు వచ్చిన 1820 నాటికి కావ్యాలు చాలావరకు తాళపత్రాల్లోనే ఉన్నాయి. ఒక ప్రతికి మరో ప్రతి పొసగేది కాదు. రాయసగాళ్ల తప్పులకు అంతులేదు. బ్రౌన్ సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పాఠాలు సరిచూపించి, శుద్ధప్రతులు రాయించాడు. వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చు వేయించాడు. మనుచరిత్రకు జూలూరి అప్పయ్యశాస్త్రి చేత వ్యాఖ్య రాయించాడు. అంతవరకు పద్యానికి అన్వయం చెప్పేవాడు గురువు. గురువు దొరకనివాడికి కావ్యమూ లేదు. అచ్చులో వ్యాఖ్య పద్యం పక్కకే చేరడంతో ఒంటరిగా కూర్చుని చదువుకునే పాఠకుడికి మొదటిసారి దారి దొరికింది.

ఆ పనిని వ్యాపారంగానూ వ్రతంగానూ సాగించింది మద్రాసులోని వావిళ్ల వారి ముద్రణాలయం. పందొమ్మిదో శతాబ్దం నడుమ వావిళ్ల రామస్వామిశాస్త్రులు ప్రారంభించిన ఆ సంస్థ, ఆయన కుమారుడు వేంకటేశ్వరశాస్త్రుల కాలానికి తెలుగు, సంస్కృత గ్రంథాలకు చిరునామా అయింది. అయితే ప్రాచీన కావ్యాన్ని అందరికీ అందించడమంటే అందులో ఏది ఉండాలి, ఏది ఉండకూడదన్న తగవు కూడా వస్తుంది. తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనం దీనికి గట్టి ఉదాహరణ. అంతకుముందు అచ్చయిన ప్రతిలో కవయిత్రి తన వంశం చెప్పుకున్న పద్యాలు లేవు. బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠాన్ని వెతికి పరిష్కరించగా, 1910లో వావిళ్లవారు ప్రచురించారు. అశ్లీలమన్న నెపంతో బ్రిటిషు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి స్వాతంత్ర్యకాలం రావలసి వచ్చింది.

ఆ తగవు జరిగే నాటికే ఇంకో ప్రశ్న తలెత్తింది. కావ్యాలు సరే, చరిత్ర మాటేమిటి? జీవశాస్త్రం, అర్థశాస్త్రం తెలుగులో ఎక్కడ చదవాలి? కందుకూరి వీరేశలింగం శాస్త్ర విషయాలపై చిన్న పుస్తకాలు రాసి దారి వేశారు. కానీ దాన్ని సంస్థగా నిలబెట్టినవాడు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. తరవాత మద్రాసుకు మారింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర మండలి తొలి ప్రచురణ. బానిసత్వాన్ని రద్దు చేసిన పరాయి దేశపు నాయకుడితో ఒక గ్రంథమాల మొదలుకావడం యాదృచ్ఛికం కాదు. తరవాత ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రం, కట్టమంచి రామలింగారెడ్డి అర్థశాస్త్రం, చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము వచ్చాయి. రాసినవాళ్లంతా తమ తమ రంగాల్లో పేరున్నవాళ్లే. పరిచయ గ్రంథం రాయడం తమ స్థాయికి తక్కువని వాళ్లు అనుకోలేదు.

కొమర్రాజు అంతకంటే పెద్ద పనికి పూనుకున్నాడు: ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. అచ్చయిన మూడు సంపుటాలూ అకారం దాటలేదు. 1923లో ఆయన కన్నుమూశాడు. ప్రపంచ విజ్ఞానమంతా అకారాదిగా తెలుగులోకి తేవాలన్న ఆ సంకల్పాన్ని కాశీనాథుని నాగేశ్వరరావు మళ్లీ భుజానికెత్తుకున్నాడు. ఆయనే 1926లో ఆంధ్రగ్రంథమాల పెట్టి పాల్కురికి సోమనాథుడి బసవపురాణం వంటి కావ్యాలను వెలుగులోకి తెచ్చాడు. కావ్యమూ విజ్ఞానమూ అప్పటికి వేరువేరు అరల్లో లేవు. రెండూ ఒకే ఉద్యమంలో భాగాలు.

పుస్తకాలు వచ్చాయి గాని వాటిని కొనే స్తోమత పల్లెల్లో ఎందరికుంది? ఆ చిక్కుకు జవాబు గ్రంథాలయోద్యమం. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లోనే వెలిసింది. 1914లో బెజవాడలో జరిగిన గ్రంథాలయ మహాసభ వెనక అయ్యంకి వెంకటరమణయ్య కృషి ఉంది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపించాడు. రేవు రేవునా పాఠకులు పుస్తకాలు తీసుకునేవారు. నిజాం రాజ్యంలో బడి చదువు ఉర్దూలో సాగేది కాబట్టి అక్కడ తెలుగు పుస్తకం చదవడమే ఒక పోరాటం. 1938లో అణా గ్రంథమాల పేరుకు తగ్గట్టు అణాకే పుస్తకం ఇచ్చింది. అదే ఏడు వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే మోసుకెళ్లి అమ్మాడు.

ఇక మిగిలింది భాష. విజ్ఞాన చంద్రికా మండలి పుస్తకాలు గ్రాంథికంలో ఉండేవి. శాస్త్రం తెలియాలంటే ముందు ఆ భాష తెలియాలి. గిడుగు రామమూర్తి లేవదీసిన వ్యావహారిక భాషావాదం ఫలితం పరిచయ గ్రంథాల్లో పూర్తిగా కనిపించడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. 1947లో మొదలైన చందమామలో కొడవటిగంటి కుటుంబరావు సరళమైన వచనంలో ఇతిహాసాలను తిరగరాశాడు. మహాభారతం మొదట అక్కడే చదివిన తరాలున్నాయి. నండూరి రామమోహనరావు మార్క్ ట్వేన్ నవలలను తెలుగు పిల్లలవిగా చేసి, ఆ తరవాత విశ్వరూపంలో ఖగోళాన్ని, నరావతారంలో మానవ పరిణామాన్ని, విశ్వదర్శనంలో తత్త్వశాస్త్రాన్ని వారపత్రిక పాఠకుడికి అర్థమయ్యేలా చెప్పాడు. కష్టమైన విషయాన్ని ఆయన పలచన చేయలేదు. ఒక తత్త్వవేత్త అన్నదానికి మరొకడు ఎందుకు ఒప్పుకోలేదో చెబుతూ వాదాన్ని కథలా నడిపించాడు.

అదే కాలంలో చౌక ముద్రణ బలపడింది. 1953లో పుట్టిన విశాలాంధ్ర ప్రచురణాలయం, మాస్కో నుంచి వచ్చిన తెలుగు పుస్తకాలు రష్యన్ సాహిత్యాన్ని చిన్న ఊళ్లకు చేర్చాయి. ఎమెస్కో ఇంటింటి గ్రంథాలయం నవలలతోపాటు ప్రబంధాలను కూడా పీఠికలతో జేబు పుస్తకాలుగా అందించింది. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అలెక్స్ హేలీ రూట్స్‌ను సహవాసి చేతుల మీదుగా ఏడుతరాలుగా తెచ్చి, నల్లజాతి చరిత్రను ఇక్కడి పాఠకుడికి సొంత ప్రశ్నగా మార్చింది.

నేడు తాళపత్రాల నాటి కరువు లేదు. బ్రౌన్ కాలపు ముద్రణల నుంచి ఆంధ్రగ్రంథమాల దాకా పాత పుస్తకాలెన్నో స్కాన్ ప్రతులుగా ఫోనులోకి ఉచితంగా వస్తున్నాయి. అంటే దొరకడం, కొనగలగడం అన్న రెండు చిక్కులూ చాలావరకు తీరాయి. మూడోది మాత్రం ముదిరింది. ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన యువ పాఠకుడికి పద్యంలో సంధి విడదీయడమే కష్టం; వందేళ్ల నాటి వ్యాఖ్యకు కూడా ఇప్పుడు వ్యాఖ్య కావాలి. శాస్త్ర విషయాల్లోనూ అంతే. కొత్త జన్యుశాస్త్రం మీద, గణన యంత్రాల మీద తెలుగులో రాసే నిపుణులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

పరిచయం రాయడాన్ని రెండో తరగతి పనిగా చూసినంతకాలం ఈ లోటు పూడదు. తమ తమ రంగాల్లో ముందువరసలో ఉన్నవాళ్లు పూనుకున్నప్పుడే ఆ పని నిలిచిందని కొమర్రాజు, కుటుంబరావు, నండూరి నిరూపించారు. విశ్వవిద్యాలయాలు పరిశోధన పత్రానికి ఇచ్చే గౌరవంలో కొంతైనా మంచి వ్యాఖ్యకూ, మంచి పరిచయ గ్రంథానికీ ఇవ్వాలి. అప్పుడు స్కాన్‌గా మిగిలిన పుస్తకాలు మళ్లీ చదివే పుస్తకాలవుతాయి.