లైనక్స్ తొలి కంప్యూటర్‌కే తలుపేశారు

హెల్సింకి, 1991 జనవరి. 21 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్ వాయిదాల మీద ఓ కంప్యూటర్ కొని ఇంటికి తెచ్చుకున్నాడు. అందులో ఇంటెల్ 386 చిప్, 4 మెగాబైట్ల మెమరీ. ఆ చిప్ గుట్టుమట్లు తెలుసుకోవాలన్న దురద కొద్దీ కోడ్ రాస్తూ పోయాడు. ఆగస్టు 25న నలుగురికీ కబురు పెట్టాడు: ఓ ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నాను, ఉచితమే, సరదాకే, 386 మీద తప్ప ఇంకెక్కడా నడవకపోవచ్చు అని. అదే లైనక్స్.

2012 డిసెంబర్ వచ్చేసరికి లైనక్స్ జేబులో ఫోన్ నుంచి సూపర్ కంప్యూటర్ దాకా పాకింది. అప్పుడు టోర్వాల్డ్స్‌కి లైనక్స్ కోడ్ రాసేవాళ్లలో ఒకడైన ఇంగో మోల్నార్ నుంచి ఓ ఉత్తరం అందింది. తోటి డెవలపర్ పీటర్ ఆన్విన్ రాసిన ప్యాచ్‌లు దానికి జత. సారాంశం: 386ని పీకేద్దాం. నష్టమేమిటో కూడా దాచలేదు మోల్నార్. 1991లో నువ్వు మొదలెట్టిన ఆ మిషన్ ఇకమీద కొత్త లైనక్స్‌తో బూట్ కాదు అని రాసి, ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా అక్షరాల్లో పెట్టాడు.

చిక్కల్లా 386 పుట్టులోపాలతో వచ్చింది. మెమరీలో ఒక పేజీకి ‘చదవొచ్చు, రాయకూడదు’ అని గుర్తు పెడితే మామూలు ప్రోగ్రాములను ఈ చిప్ ఆపుతుంది. ఆపరేటింగ్ సిస్టంకి గుండెకాయ లాంటి కెర్నలే రాయబోతే మాత్రం ఆపదు, గేటు దగ్గర వాచ్‌మన్ ఇంటి ఓనరును ఆపనట్టు. రెండు ప్రోగ్రాములు ఒకే పేజీ పంచుకుంటున్నాయనుకోండి, ఒకరి కోసం రాసింది రెండోవారి కొంప ముంచుతుంది. అందుకని రాయబోయే ప్రతిసారీ కెర్నల్ తనే ముందుగా పేజీని సరిచూసుకోవాలి. ఇంకొకటి. మెమరీలో ఉన్న విలువ మనం అనుకున్నదే అయితే ఒక్క దెబ్బలో మార్చేసే ఆదేశం 1989లో వచ్చిన 486కి ఉంది, 386కి లేదు. అక్కడ ఇంటరప్టులు ఆపి, చూసి, మార్చి, మళ్లీ వదలాలి. పది ప్రాసెసర్లున్న యంత్రం కోసం ఎవరు కోడ్ సవరించబోయినా ఈ ముసలి చిప్‌కి వేరే దారి వేయాల్సిందే. ఏళ్ల తరబడి ఇదే తంతు అని మోల్నార్ గోడు.

మరి వాడేవాళ్లో? ఓపెన్ సోర్స్‌లో అసలు తలనొప్పి ఇక్కడే. బిల్లు పుస్తకం ఉండదు, ఎవరు ఏ షెడ్డులో ఏ మిషన్‌కి ఎక్కించుకున్నారో చెప్పే నాథుడు లేడు. పైగా 1985 నాటి ఈ చిప్‌ని ఇంటెల్ 2007 దాకా తయారుచేస్తూనే ఉంది, పరికరాల్లో బిగించడానికి. అంటే ఎక్కడో ఒకచోట నడుస్తూనే ఉండొచ్చు. అయితే అలాంటి డబ్బాకు సరికొత్త కెర్నల్ ఎక్కించేదెవరు? లైనక్స్‌ని సర్ది పంచే డెబియన్ 2005లోనే 386ని వదిలేసింది. నన్నడిగితే, వాడేవాళ్లు ఎందరన్నది తర్వాత. దాన్ని నడిపి చూసి, చెడితే బాగుచేసేవాడు ఒక్కడైనా ఉన్నాడా అన్నది ముందు. ఎవరూ నడిపి చూడని కోడ్ ఉత్త హామీ, తీసేస్తే కనీసం ఆ భ్రమ ఉండదు. పాత వెర్షన్లు ఎటూ పోవు కదా, కావాలంటే 386 మీద నడిచే చివరి వెర్షన్ 3.7తోనే కాలం గడుపుకోవచ్చు.

టోర్వాల్డ్స్ జవాబు ఒక్క ముక్కలో వచ్చింది. తనకు సెంటిమెంట్లేం లేవు, పీడ విరగడైంది అని.

ఇంత తేలిగ్గా తలూపాడు కాబట్టి దేన్నైనా కోసేస్తాడనుకునేరు. రెండు వారాలు తిరక్కముందే మీడియా డ్రైవర్లలో ఒక చిన్న మార్పు బయటపడింది. డ్రైవర్ తిరిగిచ్చే ఎర్రర్ కోడ్ ఒకటి మారింది, అంతే. దాంతో జనం రోజూ వాడే ఆడియో ప్రోగ్రాములు తడబడ్డాయి. తప్పు ఆ ప్రోగ్రాములదేనేమో అన్న సంజాయిషీకి డిసెంబర్ 23న ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు, అందరి ముందూ, పెద్దక్షరాల్లో. వాడేవాళ్ల ప్రోగ్రాములను చెడగొట్టే హక్కు కెర్నల్‌కి లేదన్నాడు. 2013 ఫిబ్రవరిలో వచ్చిన 3.8లో 386 లేదు, ఆ ఎర్రర్ కోడ్ మాత్రం పాత తీరుకే తిరిగొచ్చింది.