కొలిమిని ‘ట్యాప్’ చేయడం అంటే ఏమిటి?

1911 డిసెంబరు 2న టాటా ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ కొలిమిని ‘ట్యాప్’ చేశారు. అప్పటికి ఆ ఊరి పేరు సాక్చీ. జంషెడ్‌పూర్ అన్న పేరు 1919లో వచ్చింది. మొదటి వాక్యాన్ని మీరు తెలుగులో ఎలా రాస్తారు? ‘కొలిమిని తట్టారు’ అని రాస్తే పొరపాటే.

ఇంగ్లీషులో ట్యాప్ అనే క్రియలు రెండున్నాయి. వాటి పుట్టుక వేరు. ఒకదానికి అర్థం తట్టడం. రెండోది పీపాకు పెట్టే బిరడా పేరు నుంచి వచ్చింది. బిరడా తీసి లోపలి ద్రవాన్ని బయటికి వదలడం దాని అర్థం. మన ఇంటి కుళాయికి ఇంగ్లీషు పేరు కూడా ఇక్కడిదే. తాటిచెట్టు నుంచి కల్లు తీయడాన్నీ ఇంగ్లీషువారు ట్యాప్ అనే అంటారు. మనం మాత్రం కత్తి చేసే పనిని చూసి ‘గీయడం’ అన్నాం.

మరి ఇనుముకు ఈ మాట ఎందుకు? ఛోటా నాగపూర్‌లో అసుర్ తెగవారు తరతరాలుగా మట్టి కొలిముల్లో ఇనుము తీశారు. అక్కడ ఇనుము పూర్తిగా కరిగేది కాదు. లోహమలం కరిగి వేరయ్యేది. స్పంజిలాంటి ఇనుప ముద్దను బయటికి లాగి, సుత్తితో కొట్టి శుద్ధి చేసేవారు. తెలంగాణలోని కోనసముద్రంలో ఉక్కు మూసలోనే కరిగేది. అయితే చల్లారాక మూసను పగలగొట్టి ముద్దను తీసేవారు. రెండు చోట్లా చేతికందింది ముద్దే, ద్రవం కాదు.

శుద్ధమైన ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. బ్లాస్ట్ కొలిమిలో అది సుమారు 4 శాతం కార్బన్‌ను కలుపుకుంటుంది. అందువల్ల దాని ద్రవీభవన స్థానం 1150 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. కరిగిన ఇనుము అడుగున చేరుతుంది. తేలికైన లోహమలం పైన తేలుతుంది. కొలిమి అడుగుభాగంలోని రంధ్రాన్ని బంకమట్టితో మూసి ఉంచుతారు. దాన్ని తొలిచి తెరిస్తే ఇనుము ప్రవహిస్తుంది. ఆ తర్వాత మళ్లీ మట్టితో మూస్తారు. కొలిమి మాత్రం ఆరదు. చూశారా, బిరడా ఇక్కడా ఉంది!

ఆ రోజు బయటికి వచ్చింది ఉక్కు కాదు, పిగ్ ఐరన్. ఉక్కు దిమ్మె తయారైంది 1912 ఫిబ్రవరి 16న. చాలామంది ఈ రెండు తేదీలను కలిపేస్తుంటారు.

కనుక ‘కొలిమి రంధ్రం తెరిచి, కరిగిన ఇనుమును వదిలారు’ అని రాయండి. మాట పొడవైనా పని కళ్లకు కడుతుంది. ‘తట్టారు’ అంటే కొలిమి దగ్గర పనిచేసినవారి నేర్పు చరిత్రలోంచే జారిపోతుంది.