కనబడలేదు, లేదు



మా గుత్తి రైల్వే ఊరు. పట్టాలలోను, బండ్ల ఇరుసులలోను కంటికందని పగుళ్లను చెవికందని శబ్దంతో పట్టుకుంటారని ఇక్కడ చాలామందికి తెలుసు. గుండెను చూపే ‘ఎకో’ పరీక్ష పుట్టినదీ ఆ విద్యనుండే. 1953లో స్వీడన్ దేశపు లుండ్ నగరంలో ఇంగె ఎడ్లర్ అనే వైద్యుడు, హెల్ముత్ హెర్ట్స్ అనే భౌతికశాస్త్రవేత్త కలిసి, ఓడల కర్మాగారంలో లోహాలను పరీక్షించే యంత్రాన్ని అరువు తెచ్చి గుండెపై ప్రయోగించారు. శస్త్రచికిత్సకు ముందు మిట్రల్ కవాటం ఎంత బిగిసిందో తెలుసుకోవాలన్నది ఎడ్లర్ కోరిక.

ఆ కవాటవ్యాధి మా సీమ పేదపిల్లలకు చిరపరిచితం. గొంతునొప్పితో మొదలై, కీళ్లవాపుగా మారి, చివరకు గుండెను పట్టుకుంటుంది. పది మెట్లెక్కి ఆయాసంతో కూలబడిన పిల్లలను నా తరగతుల్లోనే చూశాను. 1991 నవంబరు 22న పుట్టపర్తిలో ఉచిత గుండె శస్త్రచికిత్సల ఆసుపత్రిని ప్రధాని పి.వి.నరసింహారావు ప్రారంభించారు. తొలి చికిత్సలు చేసిన బృందానికి నాయకుడు రాజమహేంద్రవరంలో పుట్టిన డాక్టర్ పి.వేణుగోపాల్. (పుట్టపర్తి అప్పుడు మా అనంతపురం జిల్లాలోనిదే, 2022లో వేరుపడింది.) 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాలలోనూ మాది ఒకటి. ఖర్చు చింత కొంత తీరింది.

అసలు గండం కోత అయిన రాత్రిది. రక్తపోటు హఠాత్తుగా పడిపోతుంది. రక్తం కారిపోయి ఉండవచ్చు, గుండె కండరం సత్తువ తప్పి ఉండవచ్చు, గుండె చుట్టూ గడ్డకట్టిన రక్తం దానిని నొక్కుతూ ఉండవచ్చు. పైకి అన్నీ ఒక్కలాగే కనబడతాయి. మొదటిదానికి ప్రాణం పోసే ద్రవం రెండవదానికి అపకారం. మూడవదానికి ఛాతీని తిరిగి తెరవడమే మార్గం. ఎకో ఈ మూడింటిని విడదీసి చూపగలదు. కానీ అర్ధరాత్రి పడకపక్కన ఉండేది ఎకో నిపుణుడు కాదు, ఐసీయూ వైద్యుడో మత్తువైద్యుడో. కనుక ఆ చదువు వారికే చెప్పాలన్న ఆలోచన వచ్చింది. 1989 ప్రాంతంలో డెన్మార్కులో ఎరిక్ స్లోత్ అనే వైద్యుడు కొద్దిపాటి దృశ్యాలతో గుండెను త్వరగా చదివే పద్ధతిని రూపొందించాడు. ఓనమాలు, గుణింతం నేర్పి వాక్యం చదివించినట్లన్నమాట. మన దేశంలో గుండె శస్త్రచికిత్సల మత్తువైద్యుల సంఘం అన్నవాహిక ద్వారా చేసే ఎకోలో శిక్షణా, పరీక్షా నిర్వహిస్తుంది.

అన్నవాహిక ద్వారా ఎందుకంటే, కోత తరువాత ఛాతీమీద కట్లు, గొట్టాలు ఉంటాయి. వెంటిలేటరు నింపే గాలి శబ్దానికి అడ్డం. పైగా గడ్డ తరచు గుండె వెనుక దాగుతుంది. అన్నవాహిక సరిగ్గా ఎడమ కర్ణికకు వెనుకనే ఉంది.

నన్నడిగితే ఈ చదువులో కష్టమైన పాఠం వ్యాకరణానిది. ‘గడ్డ కనబడలేదు’ వేరు, ‘గడ్డ లేదు’ వేరు. కొత్తగా నేర్చినవాడు మొదటిది చూసి రెండవది రాస్తాడు. అనుమానం బలంగా ఉన్నప్పుడు, బొమ్మ సరిగా రాకపోయినా, అతడు సర్జనును నిద్రలేపవలసిందే.