కుడిమరామత్తు

కొవ్వూరు గోష్పాదరేవున మనము స్నానమాడు గోదావరియే దిగువనున్న విజ్జేశ్వరమునొద్ద కాలువకెక్కి పశ్చిమడెల్టా పొలములకు పాఱుచున్నది. 1852లో ఆనకట్ట పూర్తికాగా పెద్దకాలువల బాగు సర్కారు చూచెను; పంటబోదెల పూడిక రైతులే తీసికొనిరి. ఊరెల్ల కూడి చేయు నిట్టి పనికి మదరాసు రాజధానిలో కుడిమరామత్తని పేరు. 1858 నాటి చట్టము దీనికి నిర్బంధము చేర్చెను: ఆచారము చొప్పున రావలసినవాడు రాకున్న తన వంతు కూలికి రెట్టింపు చెల్లింపవలెను. అయినను ఆచారము నానాటికి సన్నగిల్లెను. తప్పుసొమ్ము ముట్టవచ్చును గాని, దానివలన మనసు బోదెగట్టునకు రాదు.

నేడు రేవున విడుచు పూలదండలు, పాతగుడ్డలు ఆ నీటివెంటనే పోవును. వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో, ఎవరి నిర్బంధమును లేకయే, ఇంటికొకరు పారతో రండు. తాతలనాటి మర్యాద నిలుచును. చివరి మడికి నీరందును.